ఇల్లు మోసే పికప్పుకు ఆరు టైర్లు దర్జా కోసం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం అనుబంధంలో అమెరికాలో పికప్ బండి మీద ఇల్లు పెట్టుకుని తిరిగేవాళ్ల గురించి రాశారు. ఫొటోలు బాగున్నాయి. పడక, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ ఉన్న ఆ క్యాంపర్‌ను బండి తొట్టిలోకి ఎట్లా ఎక్కిస్తారో, ఊరికి తిరిగొచ్చాక జాకీల మీద లేపి పక్కన ఎట్లా పెట్టుకుంటారో చక్కగా చెప్పారు. అయితే చివర్లో రెండు మాటలు అన్నారు చూడండి, అవి చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. పెద్ద పికప్పుల్లో ఏదైనా సరే క్యాంపర్‌ను మోయగలదన్నది ఒకటి. వెనక నాలుగు టైర్లున్న బండ్లు దర్జా కోసం కొనేవన్నది రెండోది.

నాది కావలి. లారీ క్లీనరుగా మొదలుపెట్టి, డ్రైవరునై, ఆ తర్వాత సొంత లారీలు తిప్పి ఈ మధ్యే అమ్మేశాను. చీమకుర్తి రాయి, పొదలకూరు నిమ్మకాయలు, రొయ్యల మేత, వడ్లు, ఇటుక, ఎండుగడ్డి, నా బండ్లు మోయనిది లేదు. మా అల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. క్యాంపర్ కోసం ఆయన పికప్పు కొన్నప్పుడు నేనూ మా ఇంటావిడా అక్కడే ఉన్నాం. ఉత్తరం పొడుగైంది, కత్తిరించుకోండి. అంకెలు మాత్రం కత్తిరించొద్దు.

ముందు అక్కడి బండ్ల సంగతి కొంచెం. పికప్పుల్ని వాళ్లు పాత అలవాటు కొద్దీ అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అంటారు. ఫోర్డులో ఎఫ్-150 అర టన్ను, ఎఫ్-250 ముప్పావు, ఎఫ్-350 ఒక టన్ను. ర్యామ్‌లోనూ షెవర్లేలోనూ అవే 1500, 2500, 3500. ఇప్పుడా బండ్లు మోసే బరువుకూ ఆ టన్నులకూ సంబంధం లేదు, పేర్లు మిగిలాయి అంతే. ఒక టన్ను రకం మాత్రం రెండు తీరులుగా దొరుకుతుంది. వెనక ఇరుసుకు అటొకటి ఇటొకటి టైరున్నది ఒకటి, అటు రెండు ఇటు రెండు ఉన్నది ఇంకొకటి. రెండోదాన్ని డ్యూయలీ అంటారు. మన భాషలో ఆరు టైర్ల బండి.

మా అల్లుడికి కొలరాడో కొండలంటే మోజు. దారిలో హోటళ్లలో మన తిండి దొరకదని అమ్మాయి బాధ. క్యాంపర్‌ను ముందే చూసి పెట్టుకున్నారు, ఇక బండి కావాలి. షోరూములో సేల్స్‌మన్ మెరిసిపోయే ముప్పావు టన్ను డీజిల్ బండి దగ్గరికి తీసుకెళ్లాడు. నాలుగు తలుపులు, నాలుగు చక్రాలకూ పవర్, లోపల సోఫా సీట్లు. "ఇది పద్దెనిమిది వేల పౌండ్లు లాగుతుంది సార్. మీ క్యాంపర్ మూడు వేలు కూడా లేదు. దీనికి అదొక లెక్కా?" అన్నాడు. అల్లుడు తల ఊపుతున్నాడు. నేను డ్రైవరు వైపు తలుపు తియ్యమన్నాను.

తలుపు తీస్తే, అది మూసుకునే స్తంభం మీద పసుపూ తెలుపూ కలిసిన స్టిక్కరు ఒకటి ఉంటుంది. టైరు సైజు, గాలి ఎంత పట్టాలి అన్నవాటితో పాటు ఒక వాక్యం ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని. ఆ బండి మీద రాసింది 970 కిలోలు, 2,138 పౌండ్లు. అంతే. పద్దెనిమిది వేలు అన్నది వెనక తగిలించి లాగే ట్రైలరు లెక్క. క్యాంపర్‌ను లాగరు, నెత్తిన పెట్టుకుంటారు. మన ఒంగోలు గిత్త బండలాగుడు పోటీలో టన్నుల రాయిని ఈడ్చుకుపోతుంది గదా అని ఆ రాయిని తీసి దాని వీపు మీద పెడతామా? మీ వ్యాసంలోనూ లాగే బరువే రాశారు, మోసే బరువు ఎక్కడా రాయలేదు. నా ఫిర్యాదు ముఖ్యంగా ఇదే.

ఆ రాత్రి వంటింట్లో కాగితం పెట్టుకుని కూర్చున్నాం. క్యాంపర్ బ్రోషరులో 1,315 కిలోలని ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో డ్రై వెయిట్ అని. అంటే నీళ్లు, గ్యాస్, బ్యాటరీలు లేకుండా, మనం అడిగి పెట్టించుకునే ఏసీ లాంటివి కూడా కలపకుండా. నీళ్ల ట్యాంకు 45 గ్యాలన్లు, అంటే 170 లీటర్లు, 170 కిలోలు. గ్యాస్ సిలిండర్లు రెండు, నిండుగా 34. బ్యాటరీలు రెండు 55. ఏసీ, పక్కకు పరుచుకునే పందిరి కలిపి 70. అక్కడికి 1,644 అయింది. ఇంకా ఇంట్లో వాళ్లు ఎక్కలేదు.

అప్పుడు మా అమ్మాయి జాబితా మొదలైంది. బియ్యం, రెండు కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, ఊరగాయ జాడీలు, పిల్లల సైకిళ్లు, నలుగురి చలిబట్టలు, మడత కుర్చీలు, చిన్న గ్రైండరు. "కొండ మీద గ్రైండరెందుకమ్మా?" అన్నాను. "మీరుండండి నాన్నా" అంది. వాటికి 130 కిలోలు వేశాం. మనుషులు నలుగురికి 220. మొత్తం 1,994. రెండు టన్నులు అనుకోండి. తలుపు మీద స్టిక్కరు ఒప్పుకున్నది టన్ను కూడా లేదు.

అల్లుడు కాసేపు కాగితం వంక చూశాడు. "మామయ్యా, వెనక ఎయిర్ బ్యాగులు వేయిస్తే సరిపోతుందన్నాడు గదా ఆ సేల్స్‌మన్" అన్నాడు. ఆ మాట అక్కడా వింటాం, ఇక్కడా వింటాం. ఎయిర్ బ్యాగులంటే వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య పెట్టే రబ్బరు గాలి సంచులు. కుంగిన వెనక భాగాన్ని లేపి చదునుగా నిలబెడతాయి, ఊగడం కూడా కొంత తగ్గుతుంది. కానీ ఇరుసు హౌసింగ్ అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే, టైర్లు అవే. కమాను కట్టకు రెండు పట్టీలు ఎక్కువ కొట్టించి ఇక ఎంతైనా మోస్తుందని మురిసే ఓనర్లను మన హైవే మీద చూస్తూనే ఉన్నాం. బండి కుంగకుండా కనపడితే చాలు, బరువు పోయిందనుకుంటారు.

మర్నాడు ఒక టన్ను రకం చూశాం. ముందు ఒంటి టైరుది. ఆ బండికి ఇంకా సుమారు 1,700 కిలోలు ఎక్కించొచ్చు. మాకు కావలసింది రెండు టన్నులు. దగ్గరికొచ్చింది గదా, నీళ్ల ట్యాంకు సగమే నింపుదాం, గ్రైండర్ దించేద్దాం అని అల్లుడు సర్దుబాటు మొదలుపెట్టాడు. నేను టైరు దగ్గర కూర్చున్నాను.

టైరు మీద సైజు పక్కనే 125/122 అని అంకెలుంటాయి. మన లారీ టైర్ల మీదా ఇట్లాంటి జంట అంకెలుంటాయి గానీ ఎవరూ చూడరు. మొదటిది టైరును ఒంటిగా వాడితే, రెండోది జంటగా వాడితే. 125 అంటే 1,650 కిలోలు, 122 అంటే 1,500. జంటలో ఒక్కో టైరుకు ఎందుకు తగ్గిస్తారంటే, రెండూ పక్కపక్కన ఉండి వేడి సరిగ్గా పోదు, పైగా రోడ్డు వాలును బట్టి బరువు ఒకదాని మీద ఎక్కువ పడుతుంది. ఒంటి టైరు బండి వెనక రెండు టైర్లూ కలిపి మోయగలిగేది 3,300 కిలోలు. అందులో బండి సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. ఆరు టైర్ల బండికి వేసినవి ఇంకా సన్న టైర్లు, 120/117వి. జంటలో ఒక్కోటి 1,285, నాలుగూ కలిపితే 5,140 కిలోలు. అలాగని 5,140 వేసేయకూడదు, ఆ బండి వెనక ఇరుసుకు కంపెనీ పెట్టిన హద్దు 4,400 పైచిలుకు. టైరు, రిమ్ము, ఇరుసు, కమాన్లు, వీటిలో ఏది తక్కువ మోస్తే అదే మనకు లెక్క.

చివరికి ఆరు టైర్లదే తీసుకున్నారు. దాని మొత్తం బరువు పరిమితి 14,000 పౌండ్లు, అంటే 6,350 కిలోలు. పరిమితి పది వేల పౌండ్లు దాటిన బండ్లకు ఇందాకటి పసుపు స్టిక్కరు తప్పనిసరి కాదు. కాబట్టి ఖాళీ బండిని కాటా వేయించుకోవాల్సిందే. అక్కడ లారీలు ఆగే పెద్ద బంకుల్లో క్యాట్ స్కేల్ అని ఉంటుంది. నాకు బాగా నచ్చిన సంగతి, ముందు ఇరుసు, వెనక ఇరుసు వేర్వేరు పలకల మీద నిలబడతాయి, చీటీలో రెండు బరువులూ విడివిడిగా వస్తాయి. మన కాటాల్లో మొత్తం ఒక్కటే ఇస్తారు. విడిగా కావాలంటే ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, మొత్తం ఎక్కించి ఇంకోసారి తూయించుకోవాలి. కాటా కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

డీజిలు నిండుగా పోసిన ఖాళీ బండి 3,765 కిలోలు. క్యాంపర్ ఎక్కించి, నీళ్లు పట్టి, నలుగురూ కూర్చున్నాక 5,810. ముందు 2,330, వెనక 3,480. మేం వేసిన లెక్క కన్నా ఓ యాభై కిలోలు ఎక్కువ. గ్రైండర్ అని నేను అనలేదు. ఒంటి టైరు బండైతే వెనక భాగమే ఓ 150 కిలోలు తేలిగ్గా ఉంటుందనుకున్నా, అది 3,330 అయి టైర్ల హద్దయిన 3,300ను కాస్త దాటేసేది. దానికి మేమిద్దరం ఎక్కామంటే ఇంకా దాటిపోయేది. జూలై ఎండలో, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో, హద్దు దాటిన టైర్ల మీద మనవళ్లను కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకని ఆరు టైర్లు. దర్జా మాటెక్కడ వచ్చింది ఇందులో?

బరువు ఒక్కటే కాదు, ఎత్తు కూడా ఉంది. క్యాంపర్ పైకప్పు నేల నుంచి పన్నెండడుగుల దాకా పోతుంది. డల్లాస్ నుంచి కొలరాడో పోవాలంటే 287 నంబరు రోడ్డు మీద అమరిల్లో మీదుగా పోతాం. చెట్టూ పుట్టా లేని మైదానం, గాలి మరలు తప్ప ఏమీ ఉండవు. పక్కనుంచి గాలి కొడితే బండి మొత్తం ఒక వైపు వాలి మళ్లీ లేస్తుంది. సింగరాయకొండ దగ్గర సముద్రపు గాలికి ఎండుగడ్డి లారీ నడిపినవాడికి ఇది చెప్పక్కర్లేదు. డ్యూయలీకి వెనక బయటి టైరు నుంచి బయటి టైరుకు వెడల్పు దగ్గర దగ్గర ఎనిమిదడుగులు. ఆ వెడల్పే దాన్ని నిలబెడుతుంది. అల్లుడు ఒక చేత్తో నడపడం చూసి రెండో చెయ్యి కూడా పెట్టమన్నాను, అది వేరే సంగతి.

పొగడ్తలే కాదు, తిప్పలూ చెప్పాలి. నాలుగు తలుపులు, ఎనిమిదడుగుల తొట్టి ఉన్న డ్యూయలీ పొడవు ఇరవై రెండడుగులు. గరాజులో పట్టలేదు. బయట పెడదామంటే వాళ్ల కమ్యూనిటీలో క్యాంపర్ ఇంటి ముందు కనపడకూడదని రూలు. నెలకింత అని అద్దె కట్టి ఊరి బయట స్థలం తీసుకున్నారు. మిషన్‌తో కడిగే కార్ వాష్‌లో జంట టైర్లను కప్పే వెనక బుగ్గలు దూరవు. టైర్లు మార్చాల్సి వస్తే ఆరు కొనాలి. ఖాళీగా నడిపితే వెనక ఎగిరెగిరి పడుతుంది. ఖాళీ బండికి మంచులో, తడి గడ్డిలో పట్టు కూడా తక్కువే, ఉన్న కాస్త బరువూ నాలుగు టైర్ల మీద పరుచుకుంటుంది గదా. రోజూ ఆఫీసుకు పోవడానికి ఈ బండి పనికిరాదు. అమ్మాయి చిన్న కారు అట్టేపెట్టుకుంది.

జంట టైర్లలో లోపలి టైరు సంగతి లారీ వాళ్లకు తప్ప వేరేవాళ్లకు తట్టదు. లోపలిదాంట్లో గాలి పోతే బండి ఒరగదు. బయటి టైరు రెండింటి బరువూ మోస్తూ పోతుంది, ఎక్కడో వేడెక్కి పేలుతుంది. మేం క్లీనర్లుగా ఉన్నప్పుడు బండి ఆగిన ప్రతి చోటా రాడ్డు పట్టుకుని టైర్ల మీద కొట్టుకుంటూ పోయేవాళ్లం, గాలి తగ్గిన టైరు చప్పుడు చెవికే తెలుస్తుంది. అల్లుడికి రాడ్డు ఇస్తే నవ్వాడు. సరే, గాలి చూసే గేజీ కొనుక్కోమన్నాను. మామూలు గేజీ లోపలి టైరు దాకా పోదు. ముందుకొకటి వెనక్కొకటి రెండు మూతులున్న పొడుగు గేజీ లారీ సామాన్ల కొట్లో దొరుకుతుంది. టార్చి పట్టుకుని బయటి రిమ్ము రంధ్రంలోంచి చూస్తే లోపలి టైరు వాల్వు కనపడుతుంది, వెనక్కి తిరిగిన మూతిని దానికి ఆనించి నొక్కాలి. రెండింటి మధ్య రాయి ఇరుక్కుందేమో చూసుకోవడమూ అప్పుడే అయిపోతుంది. జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగింది వేయకూడదు. పెద్దదే బరువంతా మోస్తుంది, చిన్నది ఊరికే రాసుకుంటూ తిరుగుతుంది.

డీజిలా పెట్రోలా అని అల్లుడి స్నేహితులు చాలా వాదించారు. డీజిల్ ఇంజను దాదాపు మూడు వందల కిలోలు ఎక్కువ బరువు, అంత మేరా మోసే బరువులో కోత పడుతుంది. ఇదే బండి పెట్రోలుదైతే ఎక్కువ మోస్తుంది, ధరా తక్కువ. అయినా నేను డీజిల్ వైపే ఉన్నాను. న్యూమెక్సికో నుంచి కొలరాడోలోకి పోయే రాటన్ కనుమలో దిగుతుంటే ఎగ్జాస్ట్ బ్రేకు, అంటే పొగ పోయే దారిని బిగబట్టి ఇంజనుతోనే వేగం తగ్గించేది, బండిని పట్టుకుంటుంది, కాలు బ్రేకు మీద పెట్టే పని తక్కువ. దోర్నాల ఘాట్‌లో బ్రేకులు కాలిన వాసన పీల్చినవాడికి ఆ బ్రేకు విలువ తెలుసు. కొండలెక్కని వాళ్లకు పెట్రోలే చాలు. ఇంకొకటి, అంకె పెద్దదైతే ఎక్కువ మోస్తుందని ఎఫ్-450 పికప్పు వెంట పడేవాళ్లున్నారు. దాని మొత్తం పరిమితీ ఆ 14,000 పౌండ్లే. బండి సొంత బరువు ఎక్కువ, కాబట్టి ఎఫ్-350 డ్యూయలీ కన్నా మోసేది తక్కువే. అది లాగడానికి కట్టిన బండి.

తొట్టి పొడవు కూడా బరువు లెక్కలోకే వస్తుంది. క్యాంపర్ పక్కన గీతో బాణమో వేసి దాని బరువు కేంద్రం ఎక్కడుందో చూపిస్తారు. అది వెనక ఇరుసుకు సరిగ్గా పైన గానీ కాస్త ముందుకు గానీ పడాలి. బండితో వచ్చే కాగితాల్లో అది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో బొమ్మ వేసి మరీ ఇస్తారు, ఎవరూ డ్యాష్‌బోర్డు అరలోంచి బయటికి తియ్యరు. ఎనిమిదడుగుల తొట్టికి కట్టిన క్యాంపర్‌ను ఆరున్నర అడుగుల తొట్టిలో పెడితే కేంద్రం ఇరుసు దాటి వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు చేతిలో ఉన్నట్టే ఉండి ఉండదు. ఈ ఉత్తరంతో జత చేసిన రెండు కాటా చీటీలూ పోల్చితే ముందు ఇరుసు బరువు లోడు వేశాక తగ్గకుండా పెరిగింది చూడండి, నేను ముందు చూసింది దాన్నే.

చిన్న విషయాలు రెండు. డ్యూయలీ వెనక బుగ్గలు బయటికి ఉబ్బి ఉంటాయి కాబట్టి క్యాంపర్ ముందు జాకీలకు పక్కకు తిరిగే బ్రాకెట్లు ఉండాలి, లేకపోతే బండి క్యాంపర్ కిందికి దూరదు. క్యాంపర్‌ను కట్టేది తొట్టి రేకుకు కాదు, ఛాసిస్‌కు బిగించిన కొక్కేలకు. అడుగున మందపాటి రబ్బరు చాప.

ఆరు టైర్లు అందరికీ కావాలని నేననడం లేదు. పైకప్పు గుడ్డతో లేచే తేలిక క్యాంపర్లున్నాయి, ఆరేడు వందల కిలోల్లో వస్తాయి. మొగుడూ పెళ్లాం ఇద్దరే తిరిగేటట్టయితే ఒంటి టైరు బండి సుఖం. ముందు క్యాంపర్ నిండు బరువు తేల్చుకుని తర్వాత బండి కొనాలి. చాలామంది బండి కొన్నాక క్యాంపర్ వెతుకుతారు, అక్కడ తిరగబడుతుంది వ్యవహారం.

ఇక మన దగ్గరికొస్తాను. అసలు ఈ ఉత్తరం రాయించింది ఇదే. మీ వ్యాసం వచ్చాక మంగళవారం నాడు నాకు తెలిసిన బాడీ షెడ్డు మేస్త్రీ ఫోన్ చేశాడు. ఒక కుర్రాడు మీ పేజీ పట్టుకుని వచ్చాడట. అతనికి నాలుగు టైర్ల గూడ్స్ పికప్పు ఉంది. దాని మీద ఇనప యాంగిళ్లతో చట్రం కట్టి, ప్లైవుడ్డు, రేకు కొట్టించి, లోపల మంచం, పొయ్యి పెట్టి, పైన 300 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించుకుంటాడట. అమ్మానాన్నలను దోర్నాల మీదుగా శ్రీశైలం తీసుకుపోవాలని కోరిక. కోరిక మంచిదే. నేను షెడ్డుకు పోయి అతనితో మాట్లాడాను.

"1.7 టన్నులు మోసే బండి పెదనాయనా, అంతకన్నా తక్కువే అవుతుంది గదా" అన్నాడు. లెక్క తెలిసిన కుర్రాడే. కానీ 1.7 టన్నుల ఇటుక వేస్తే అది తొట్టి అడుగున కూర్చుంటుంది. ఈ ఇల్లు పదడుగుల ఎత్తున ఉంటుంది, దాని నెత్తిన మూడు వందల కిలోల నీళ్లు. ట్యాంకు సగం ఖాళీ అయ్యాక ఇంకా ప్రమాదం, మలుపు మలుపుకూ నీళ్లు ఒక పక్కకు కొట్టుకొస్తాయి. వెనక రెండే టైర్లు, మధ్య వెడల్పు తక్కువ. అమెరికాలో ఎవరూ ట్యాంకును నెత్తిన పెట్టరు, నేల అడుగున పెడతారు. మీ ఫొటోల్లో ట్యాంకు కనపడలేదు కాబట్టి అతనికి తెలియలేదు.

చట్టం మాట కూడా చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 194వ సెక్షను కింద ఓవర్ లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. గూడ్స్ బండి వెనక మనుషుల్ని ఎక్కించడం అసలే కుదరదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. టైర్ల లెక్క మన చట్టంలోనూ ఉంది. ఇరుసుకు రెండు టైర్లా నాలుగా అన్నదాన్ని బట్టే బరువు పరిమితి. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులుండేది, 2018లో 11.5 చేశారు. టైర్లు దర్జా కోసమైతే ప్రభుత్వం వాటిని లెక్కపెట్టేది కాదు.

మన దేశంలో అమ్మే పికప్పుల్లో డ్యూయలీ లాంటిది లేదు. తడ దగ్గర శ్రీసిటీలో ఇసుజు వాళ్లు కట్టే వీ-క్రాస్ మంచి బండే, అయినా వెనక ఒంటి టైరుదే. ఆరు టైర్లు కావాలంటే 1986 నుంచి మన రోడ్ల మీద తిరుగుతున్న టాటా 407 లాంటి చిన్న లారీ ఛాసిస్ చూసుకోవాలి. దాని మీద అనుమతి ఉన్న బాడీ బిల్డరు చేత కట్టించి, ఆర్‌సీలో క్యారవాన్‌గా ఎక్కించుకోవాలి. ఖర్చు ఎక్కువే. అంత ఖర్చు లేనప్పుడు మామూలు కారులో పోయి శ్రీశైలంలో సత్రంలో దిగొచ్చు, స్వామి ఏమీ అనుకోడు.

కాబట్టి సంపాదకులు గారూ, ఒక సవరణ వేయండి. క్యాంపర్ నిండు బరువు, బండి మోయగల బరువు, వెనక ఇరుసు హద్దు, ఈ మూడూ పెట్టె కట్టి అచ్చు వేయండి. ఇక ముందు ఏ బండి గురించి రాసినా హార్స్‌పవర్‌తో పాటు అది మోసే బరువు కూడా రాయండి. అమెరికాలో తీసిన రెండు కాటా చీటీలు, మొదటి షోరూము బండి తలుపు స్టిక్కరు ఫొటో జత చేస్తున్నాను. స్టిక్కరు మీది బండి నంబరు చెరిపేశాను, కంపెనీ పేరు కూడా వద్దు.

కాస్త త్వరగా వేస్తే మేలు. ఆ కుర్రాడు నా మాట సగమే నమ్మాడు, పేపర్లో వస్తే చూద్దామన్నాడు. షెడ్డు మేస్త్రీ అడ్వాన్సు తీసుకోకుండా వచ్చే సోమవారం దాకా ఆపి ఉంచాడు.

ఇట్లు,
ఒక మాజీ లారీ యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా